రంగారెడ్డి జిల్లాలో పుట్టిన రంగారెడ్డి

కొండా వెంకట రంగారెడ్డి ఎక్కడ పుట్టారు? మొయినాబాద్ మండలం, పెద్దమంగళారం. ఏ జిల్లా? ఇంకేముంది, రంగారెడ్డి జిల్లా! ఆయన పుట్టింది 1890లో, కన్నుమూసింది 1970లో. ఆయన పేరిట జిల్లా వచ్చింది 1978 ఆగస్టు 15న. మండలాలైతే 1985 దాకా లేనే లేవు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను రికార్డుల్లోకి ఎక్కించిన ఘనత మనదే.

నాయకుడి సంగతే ఇలా ఉంటే మన తాతముత్తాతల గతేమిటి? చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి వీసా సాధించి, 108 తిరిగి మొక్కు చెల్లించుకుని, డాలస్‌లో దిగిన మనవడికి ఒక చలికాలం ఉన్నట్టుండి వంశం గుర్తొస్తుంది. వంశవృక్షం యాప్ తెరుస్తాడు. 1925లో పుట్టిన తాత పేరు పక్కన ‘చేవెళ్ల, రంగారెడ్డి, తెలంగాణ, ఇండియా’ అని టకటకా కొట్టేస్తాడు. నాలుగు మాటల్లో తాత పుట్టిననాటి చిరునామాలో ఉన్నది మొదటిదొక్కటే.

ఇంతలో చరిత్ర చదివిన బావగారొకరు సవరణతో దిగుతారు: ‘బ్రిటిష్ ఇండియా’ అని రాయాలట. అయ్యా, బ్రిటిష్ రెసిడెంటు హైదరాబాదు కోఠీలో కొలువున్న మాట నిజమే. కానీ ఇక్కడ శిస్తు పోయింది నిజాం ఖజానాకు. సంతలో చెల్లింది హాలి సిక్కా. పట్నం చుట్టూ ఉన్న జిల్లా పేరు అత్రాఫ్-ఎ-బల్దా, అది నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ జిల్లా, మధ్యమధ్య అమీర్ల పాయగాలు, జాగీర్లు. తాత కలలో కూడా చూడని తెల్లదొరను తెచ్చి ఆయన ఉయ్యాల పక్కన నిలబెట్టడం ఏం మర్యాద?

ఇక పుట్టిన ఏడు. పాత కాగితంలో 1335 అని ఉంటుంది. అది ఫసలీ, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల ఏడు; ఇంగ్లిష్ ఏడు కావాలంటే 590 కలపాలి. మనవడు కలపడు, యాప్ కలపదు. ఓరుగల్లు కూలిన 12 ఏళ్లకు తాత పుట్టేశాడు! ముసునూరి కాపయ నాయకుడితో దోస్తానా ఉందేమో కనుక్కోవాలి.

నాయనమ్మ కథ ఇంకా రంజు. ఆమెది కొడంగల్. అప్పుడది గుల్బర్గా జిల్లా. 1956లో మహబూబ్‌నగర్, 2016లో వికారాబాద్. ఊరు అంగుళం కదలలేదు, మూడు జిల్లాలు తిరిగొచ్చింది. ఫోన్‌లో అడిగితే ‘‘నేను పుట్టింది కొడంగల్ల గాదు బిడ్డా, మా అమ్మమ్మోళ్ల ఊర్ల’’ అంటుంది. కాన్పుకు తల్లిగారింటికి పోయే దేశంలో పుట్టిన ఊరు అంటే సగం మందికి అమ్మమ్మ ఊరే. వంశవృక్షంలో మాత్రం అందరూ ఇంటిపేరు ఉన్న ఊళ్లోనే భూమి చీల్చుకుని మొలుస్తారు.

1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబర్ 17 మధ్య చేవెళ్లలో పుట్టినవారిదైతే మరీ విచిత్రం. బ్రిటిష్‌వాడు వెళ్లిపోయాడు, నిజాం రాజ్యం ఇంకా ఇండియాలో కలవలేదు. యాప్ దేశం పేరు అడుగుతుంది, మనం ‘ఇండియా’ నొక్కి నిద్రపోతాం. ఓసీఐ కార్డుల చట్టం మాత్రం మరచిపోలేదు: 1947 ఆగస్టు 15 తర్వాత భారతదేశంలో కలిసిన ప్రాంతాలవారి కోసం అందులో విడిగా ఒక మాట ఉంది. చట్టానికున్నంత జ్ఞాపకం మనకు లేదు.

లేదనడం అబద్ధమేలే. మొయినాబాద్‌లో ఫాంహౌస్ బేరం వస్తే ఇదే మనవడు పాత సర్వే రికార్డు సేత్వార్ అడుగుతాడు, 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుందో తేలాలంటాడు, సర్వే నంబరు ‘ఆ’లో ఎన్ని గుంటలో చెబుతాడు, జంట జలాశయాల చుట్టూ కట్టడాలకు పగ్గం వేసిన 1996 నాటి 111 జీవో నోటికి అప్పజెబుతాడు. ఎకరానికి అన్ని తరాల లింకు డాక్యుమెంట్లు కావాలి. నాయనమ్మకు ఒక్క లైను చాలు.

కాబట్టి మనవలారా, పుట్టిన నాటి పేరు ముందు రాయండి: పెద్దమంగళారం, అత్రాఫ్-ఎ-బల్దా, హైదరాబాదు సంస్థానం. దాని పక్కన నేటి జిల్లా, రాష్ట్రం పెట్టండి. జాగీరో సర్ఫేఖాసో తెలిస్తే అదీ చేర్చండి. ఫసలీ ఏడును ఉన్నదున్నట్టు ఉంచి ఇంగ్లిష్ ఏడు పక్కన వేయండి. ఆడవాళ్లను ఏ ఇంట్లో పుట్టారో అడిగి మరీ రాయండి. యాప్ ఒప్పుకోకపోతే కింద నోట్స్ గడి ఒకటి ఉంటుంది, అది ఖాళీగానే ఉంది.