ఒక జ్వరవాక్యానికి టీక

మూలము: “వానలతో పాటే దాదరుకు క్రికెట్ జ్వరం పట్టుకుంది.”

అవతారిక: పత్రికలయందును వేదికలమీదను ఏటేటా వెలువడు వాక్యమిది. కర్త పేరు తెలియదు. ఆరోగ్యవంతుడని మాత్రము ఊహింపనగును.

ప్రతిపదార్థము: వానలు, దాదరు, క్రికెట్ సులభములు, విడిచితిమి.

టీక: జ్వరము రుద్రుని కోపమున పుట్టినదని చరకుడు. ఎనిమిది విధములనెను. క్రికెట్‌ది తొమ్మిదవది కాబోలు, ఆయన ముంబై దాదరులోని శివాజీ పార్కు మైదానము చూడలేదు. ఇక భాగవతమున బాణాసురుని పక్షమున శివుడు పంపిన మాహేశ్వర జ్వరమునకు మూడు తలలు, మూడు కాళ్లు. మూడు నోళ్లలో థర్మామీటరు దేనిలో పెట్టవలెనో వ్యాఖ్యాతలు విచారింపలేదు. మూడవ కాలికి చెప్పు ఎవరు కుట్టిరో అదియు లేదు. కృష్ణుడు దానిమీదికి వైష్ణవ జ్వరమును వదలెను. అనగా జ్వరమునకే జ్వరము వచ్చినది! పాపము, అది శరణని స్తుతించి, ఈ సంవాదము తలచినవారి జోలికి రానని ఒప్పుకొన్నది. ఆ ఒప్పందము డెంగీని కట్టివేయునా? మూలమున లేదు.

“లాక్షణిక ప్రయోగమునకు ఇంత పట్టింపేల?” అందురేని, చెప్పెదము. ముఖ్యార్థమునకు బాధ కలిగిననే లక్షణ పుట్టును. ‘గంగలో పల్లె’ అన్నచో ప్రవాహముపై పల్లె నిలువదు గనుక గట్టుననని గ్రహింతుము. ముంబైలో జులైయందు జ్వరమన్నచో అడ్డమేమి? నిజముగనే ఉన్నది. 1918లో రేవునుండి పాకిన ఇన్‌ఫ్లుయెంజాకు ‘బొంబాయి జ్వరం’ అని పేరే పడినది. ముఖ్యార్థమునకు ఏ బాధయు లేదు. బాధంతా చాళ్ల ఇరుకుగదుల్లో ఉన్నవాళ్లకే.

కామాటిపురలో, వర్లీ చాళ్లలో నల్లా వచ్చేది రోజుకు కొన్ని గంటలు. డ్రమ్ము నింపుకోకపోతే పొయ్యి వెలగదు. ఆ నిలవనీళ్లలో దోమ గుడ్డు పెడితే పదిరోజులకల్లా రెక్కలొస్తాయి. అప్పుడు తనిఖీ మనిషి వచ్చి డ్రమ్ము బోర్లించి, ఇంటామెను నాలుగు మాటలని పోతాడు. నల్లా ఇంకో గంట వదలమంటే అది తన శాఖ కాదట. ఈ నగరం కట్టడానికి నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాటీల పేరే కామాటిపురకు పెట్టారు. మలేరియా దోమ గుట్టు 1897లో డాక్టరు రాస్ దొరకు చిక్కిందీ ఆ ఇలాకాలోనే, సికిందరాబాదులో. దోమ సంగతి తెలిసి నూరేళ్లు దాటింది. నీళ్లు మాత్రం ఇంకా డ్రమ్ములోనే. మంచం పట్టినవాడికి కూలి పోయె, రక్తపరీక్షకు డబ్బు పోయె. పక్కగదిలో వాడు పేపరు తెరిస్తే క్రికెట్‌కు జ్వరమట!

ఏమి చెప్పుచుంటిమి? అలంకారము. రూపకమందురు, మేమొప్పము.

తాత్పర్యము: విలేఖరులారా, జూన్ నుంచి అక్టోబరు దాకా జ్వరమన్న మాట రోగులకు వదిలిపెట్టండి. క్రికెట్‌కు ‘సందడి’ చాలు.