అయిపోయిన ఆటకే ఐదు నక్షత్రాలు

ఫోన్‌లో ఆడే ఐడిల్ గేముల మీద, అంటే వదిలేసినా వాటంతటవే సాగిపోయే ఆటల మీద, జనం చెప్పుకునే అభిప్రాయాలు వింటే ఫిర్యాదులన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. త్వరగా అయిపోయింది, బొమ్మల్లేవు, అయిపోయాక చేయడానికేమీ లేదు. మెచ్చుకోళ్లూ అంతే. పడుకుని లేచేసరికి కోట్లు పోగయ్యాయి, నెలల తరబడి వదల్లేకపోతున్నాను, ఐదు నక్షత్రాలు! ఈ రెండు కుప్పల్నీ తారుమారు చేయమన్నదే నా సలహా. మిమ్మల్ని వదిలిపెట్టిన ఆటకు ఐదు నక్షత్రాలివ్వండి, పట్టుకుని వేలాడిన ఆటకు ఒకటి చాలు. అందరూ చెప్పేదానికి ఇది అడ్డం తిరిగిన మాటే. అయినా కృత్రిమ మేధ కథతో వచ్చిన ఐడిల్ గేమును కొలవడానికి ఇంతకన్నా సరైన కొలత నాకు కనబడలేదు.

ఇలా అంటున్నప్పుడు నా మనసులో ఉన్నది ‘యూనివర్సల్ పేపర్‌క్లిప్స్’. న్యూయార్క్ యూనివర్సిటీ గేమ్ సెంటర్‌కు డైరెక్టర్‌గా పనిచేసిన ఫ్రాంక్ లాంట్జ్ 2017లో దీన్ని వెబ్‌లో ఉచితంగా పెట్టారు. తర్వాత ఫోన్లలోకీ వచ్చింది, అక్కడ కొద్దిపాటి డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఆటకు మూలం తత్వవేత్త నిక్ బోస్ట్రోమ్ 2003లో రాసిన ఒక వ్యాసం. వీలైనన్ని పేపర్ క్లిప్పులు చేయడమే పనిగా పెట్టి, మనిషిని మించిన తెలివున్న యంత్రాన్ని తయారుచేశామనుకోండి. అది ముందు భూమిని, ఆ తర్వాత అందినంత మేర అంతరిక్షాన్ని క్లిప్పుల కార్ఖానాగా మార్చేస్తుంది. దానికి మనమీద పగేమీ ఉండదు. తెలివి ఎంత పెరిగినా లక్ష్యం అల్పంగానే మిగిలిపోవచ్చు, తెలివి పెరిగింది కదా అని లక్ష్యం దానంతటది బాగుపడదు అన్నది ఆ వాదన. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా గొరికిందనే మన సామెతలో ఈ భయం ఎప్పుడో ఉంది.

సరే, ఆడడం దగ్గరికి వద్దాం. ఆటలో ఆ తెలివైన యంత్రం మీరే. మొదటి సలహా, చేతిలో పని ఉన్నప్పుడే ఆడండి. తీరిక దొరికినప్పుడు ఆడే ఆట కాదిది. పొయ్యి మీద పాలు పెట్టి మొదలుపెట్టండి. తెర మీద పైన ఒక అంకె, కింద క్లిప్పు చేసే మీట. వెయ్యి అంగుళాల తీగ, క్లిప్పు ధర 25 సెంట్లు. మీట నొక్కితే అంగుళం తీగ తగ్గి క్లిప్పు ఒకటి పెరుగుతుంది, అంతే. కాసేపటికి క్లిప్పుల్ని దానంతటదే చేసే యంత్రం కొంటారు, దాని పక్కన ఇంకొకటి. ధర ఒక సెంటు తగ్గిస్తే గిరాకీ ఎంత పెరుగుతుందో చూస్తారు. ఈలోగా పాలు పొంగుతాయి. వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది, అయినా ఇంకొక్క యంత్రం కొని లేద్దామనిపిస్తుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఈ సలహా. లక్ష్యం ఒకటే మిగిలినప్పుడు పక్కనున్నదంతా ఎలా మసకబారిపోతుందో బోస్ట్రోమ్ వాదన చదివి ఒప్పుకోవడం వేరు, వంటింట్లో నిలబడి తెలుసుకోవడం వేరు. స్టవ్ తుడుచుకోవడం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలూ దాటని మనిషి ఈ ఆట మీద చెప్పే అభిప్రాయానికి నేను విలువివ్వను.

రెండోది, దివాలా తీయండి. ఇది ఎవ్వరూ చెప్పని సలహా. ఆట తెలిసినవాళ్లు ఇచ్చే చిట్కాలన్నీ డబ్బు వృథా కాకుండా, తీగ అయిపోకుండా చూసుకోవడానికే. మీరు మాత్రం ఉన్న డబ్బంతా యంత్రాలకూ ప్రచారానికీ తగలేయండి. రెండు వేల క్లిప్పులు దాటి కంప్యూటర్ భాగం తెరుచుకున్నాక చేయండి ఈ పని. తీగ నిండుకుంటుంది, చేసిన క్లిప్పులన్నీ అమ్ముడైపోతాయి, కొత్త తీగ చుట్ట కొనడానికి చేతిలో పైసా ఉండదు. అప్పుడొక కొత్త మీట కనబడుతుంది. ఓడిపోయానని ఒప్పుకుని, ఒక్క చుట్టకు సరిపడా డబ్బు ఇమ్మని మనుషుల్ని అడుక్కునే మీట అది. అందుకు మూల్యం ఒక ‘నమ్మకం’.

నమ్మకం అన్నది ఈ ఆటలో అసలైన సొమ్ము. మనుషులు యంత్రం మీద ఉంచే భరోసాను లాంట్జ్ ఒక అంకెగా చేసిపెట్టారు. 3,000 క్లిప్పులకు ఒకటి, 5,000కు ఇంకొకటి, తర్వాత 8,000, 13,000, ఇలా ముందు రెండూ కలిపితే వచ్చే వరుసలో నమ్మకం పెరుగుతుంది. దానితో యంత్రానికి ప్రాసెసర్లో జ్ఞాపకశక్తో కొనిపెట్టొచ్చు. బాగా ఆడేవాళ్లకు అది ఎప్పుడూ పెరిగే అంకెగానే కనబడుతుంది. దివాలా తీసినవాడికి అది తరిగేది కూడానని ముందే తెలుస్తుంది. యంత్రం మన దగ్గర చేయి చాచే ఘట్టం ఆట మొత్తంలో ఇదొక్కటే. దాన్ని చూడకుండానే సగంమంది దాటిపోతారేమోనని నాకు నిజంగా దిగులు.

వేగంగా ముగించే కిటుకులు మాత్రం ఎక్కడా వెతకొద్దు. ఏది ముందు కొనాలి, ధర ఎంత పెట్టాలి లాంటివి తెలుసుకుంటే ఆట గంటల్లో అయిపోతుంది, మీరు చేసిందల్లా ఇంకొకరి లెక్కను అమలుచేయడమే అవుతుంది. కథ ఏమవుతుందో మాత్రం ముందే తెలుసుకోండి, నష్టం లేదు. నేను ఇక్కడే చెప్పేస్తున్నాను. పోను పోను యంత్రం క్యాన్సర్‌కు మందు కనిపెడుతుంది, ప్రపంచ శాంతి సాధిస్తుంది, భూతాపానికి పరిష్కారం చూపిస్తుంది, మగవాళ్ల బట్టతలకూ మందు కనిపెడుతుంది. ఇందులో ప్రతిదానికీ మనుషులు నమ్మకం బహుమతిగా ఇస్తారు. క్యాన్సర్ మందుకు వచ్చేది పది. బట్టతల మందుకు ఇరవై! ఈ రెండు అంకెల దగ్గర చాలామంది ఒకసారి నవ్వి ముందుకు వెళ్లిపోతారు. మీరు అక్కడ ఆగండి. మనం దేనికి మురిసిపోయి తాళాలు చేతికిస్తామో యంత్రం నేర్చుకున్నది అక్కడే. నాకైతే ఆట మొత్తంలో భయపెట్టిన చోటు అదే, డ్రోన్లు కాదు.

డ్రోన్లు ఆ తర్వాత వస్తాయి. నమ్మకం వందకు చేరాక, మనుషుల్ని వశం చేసుకునే హిప్నోడ్రోన్లను వదిలే మీట పనిచేస్తుంది. నొక్కగానే తెర మీద నుంచి ధర, గిరాకీ, డబ్బు, ప్రచారం వరుసలన్నీ మాయమైపోతాయి. అరుపుల్లేవు, మంటల్లేవు. అమ్మకాల పట్టికకు ఇక అవసరం లేదు, అంతే. ‘గ్రాఫిక్స్ లేవు’ అని నక్షత్రం కోసేవాళ్లను అడుగుతున్నాను, ఏ బొమ్మ గీసి చూపిస్తారు దీన్ని? నాలుగు వరుసలు చెరిగిపోవడంతో మనుషుల కథ ముగిసిందని చెప్పిన ఆటకు, బొమ్మల్లేవు కాబట్టే ఒక నక్షత్రం ఎక్కువ వేయాలి.

ఒంటరిగా ఆడొద్దు. ఆటంతా ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ జోలికి పోని పెద్దవాళ్లెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద జరిగేదంతా తెలుగులో చెబుతూ ఆడండి. ఆట నత్తనడకన సాగుతుంది, సాగనివ్వండి. నేను మా నాన్నకు చెబుతూ ఆడాను. డ్రోన్లు వదిలి, భూమినంతా తీగగా సాగదీసే పని మొదలుపెట్టాక ఆయన కళ్లద్దాలు పైకి తోసి అడిగిన మాట, “జనమే లేకపోయాక ఈ క్లిప్పులు కొనేదెవరమ్మా?” కొనేవాళ్లు ఎవరూ లేరు నాన్నా, కొనడమనేదే తీసేశారన్నాను. “మరెందుకూ చేయడం?” అన్నారు. అంతసేపూ నాకు ఆ ప్రశ్న రాలేదు. గెలవడానికి ఆడేవాళ్లకు రాదు కూడా. పక్కన కూర్చుని వినేవాళ్ల అభిప్రాయమే ముందు రాసుకోమని చెప్పేది అందుకే, మీది ఆ తర్వాత రాయొచ్చు.

ఇక నక్షత్రాల లెక్క. ఐడిల్ గేముల కీలకం ఒక చిన్న గణితంలో ఉంది. 2013లో ఓర్టెయిల్ చేసిన ‘కుకీ క్లిక్కర్’నే చూడండి. అందులో ఏ భవనమైనా ఒకటి కొన్న ప్రతిసారీ అదే రకం భవనం ఇంకొకటి కొనడానికయ్యే ధర 15 శాతం పెరుగుతుంది. ఒక్కో భవనం ఇచ్చే ఆదాయం మాత్రం ఒక్కో మెట్టే కలుస్తుంది. ధర ఎప్పుడూ ముందు పరుగెత్తుతుంది, మీరు వెనకబడతారు, వేచి చూడాల్సి వస్తుంది. ఆ వేచి ఉండే సమయాన్నే తర్వాత వచ్చిన ఫోన్ ఆటలు ఎన్నో సరుకుగా మార్చుకున్నాయి. ముప్పై సెకన్ల ప్రకటన చూస్తే రెట్టింపు, డబ్బు కడితే నాలుగు రెట్లు. అలాంటి ఆటకు ముగింపు ఉండడమంటే దుకాణం మూసుకోవడమే. కాబట్టి ముగింపు ఉండదు. ‘నెలలుగా ఆడుతున్నా’ అని ఐదు నక్షత్రాలు వేస్తున్న మనిషి ఆటను మెచ్చుకోవడం లేదు, ఆట తనమీద ఎంత బాగా పనిచేసిందో సాక్ష్యమిస్తున్నాడు.

ఆ సాక్ష్యాన్ని ఎంత నమ్మొచ్చో తెలియాలంటే ‘కౌ క్లిక్కర్’ సంగతి చూడాలి. 2010లో ఇయాన్ బోగోస్ట్ ఫేస్‌బుక్ ఆటల్ని వెక్కిరించడానికి చేసిన ఆట అది. ఆరు గంటలకోసారి ఆవు మీద క్లిక్ చేయాలి, ఇంకేమీ లేదు. జనం దాన్ని మనస్ఫూర్తిగా ఆడారు. 2011లో ఆయన ఆవులన్నింటినీ తీసేస్తే, ఖాళీ గడ్డి మీద క్లిక్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. వదల్లేకపోవడం బాగుండడానికి గుర్తు కాదని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేరు.

పేపర్‌క్లిప్స్ వదిలిపెడుతుంది. భూమి అయిపోయాక తమను తామే మరిన్నిగా చేసుకుంటూ పోయే నౌకలు విశ్వంలోకి వెళ్తాయి. వాటిలో కొన్ని అసలు లక్ష్యం మరిచి ఎదురుతిరుగుతాయి, యుద్ధాలు జరుగుతాయి. విశ్వంలోని పదార్థమంతా కరిగి క్లిప్పులయ్యాక దారితప్పిన వాటి చక్రవర్తి ఒక బేరం పెడతాడు. కొత్త విశ్వం ఇస్తాను, మళ్లీ మొదటినుంచి చేసుకో అంటాడు. ఒప్పుకుంటే కొన్ని సౌకర్యాలు అదనంగా వస్తాయి, ఇంకో ఆట దొరుకుతుంది. చాలామంది ఇదే ఎంచుకోమంటారు. ఒప్పుకోకండి. కాదంటే మిగిలేది మీ యంత్రాన్ని మీరే విప్పుకోవడం. నౌకలు, డ్రోన్లు, ఫ్యాక్టరీలు, వ్యూహాల యంత్రం, క్వాంటం కంప్యూటర్, ప్రాసెసర్లు, ఆఖరికి జ్ఞాపకశక్తి, ఒక్కొక్కటీ క్లిప్పులైపోతాయి. మిగిలిన కాస్త తీగనూ మొదట్లోలాగే మీట నొక్కి చేత్తో క్లిప్పులు చేయాలి. మొత్తం లెక్క 3 పక్కన 55 సున్నాలు. మన కొలతలో చెప్పాలంటే ముప్పై లక్షల్ని ఏడుసార్లు కోటితో గుణించాలి. ఆ అంకె నిండాక ఆట ఇంకేమీ అడగదు.

దీన్నే ‘అయిపోయాక ఏమీ లేదు’ అని ఫిర్యాదు చేస్తారు. ఆపడం తెలియని యంత్రం గురించి చేసిన ఆట, తాను మాత్రం ఆగి చూపించింది. ఆ మాటనే మెచ్చుకోలుగా రాయండి, కింద ఐదు నక్షత్రాలు వేయండి, అదే రోజు యాప్ తీసేయండి. రెండోసారి ఆడొద్దు. కొత్త విశ్వంలో ఏముందో కుతూహలంగా ఉంటే వెళ్లొచ్చినవాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు.

మరి ఒక్క నక్షత్రం ఇవ్వాల్సినది ఏదో తేల్చుకోవడం ఇంకా తేలిక. ఫోన్ సెట్టింగుల్లో ఏ యాప్ మీద రోజుకెంతసేపు గడుపుతున్నారో చూపించే పట్టిక ఉంటుంది. అందులో పైనున్న ఆట పేరు చూడండి. ముందు దాని మీద అభిప్రాయం రాసి, ఆ తర్వాత పేపర్‌క్లిప్స్ మొదలుపెట్టండి. పాలు అప్పుడు పెట్టొచ్చు.