నాడీ సూత్రానికి కోనసీమ టీక

మూలం: కూర్చొని, మూడు వేళ్లతో నాడి పట్టి, అర నిమిషం లెక్కించి, రెట్టింపు చేయునది.

అవతారిక: కరోనా రోజుల్లో కోనసీమ ఇళ్లలోకి ఆక్సీమీటరు వచ్చింది. వేలికి తగిలిస్తే రెండు అంకెలు వెలిగేవి.

"ఎంతొచ్చిందండీ?"

"తొంభై రెండండీ."

"ఏదండీ, పైదా కిందదా?"

"ఆయ్... అది చూళ్లేదండీ."

రెండంకెల్లో ఒకటి రక్తంలోని ఆక్సిజన్ శాతం, రెండోది నిమిషానికి గుండె కొట్టుకునే లెక్క. మొదటిది 92 అయితే డాక్టరుకి చెప్పాలి. రెండోది 92 అయితే పేపరు చదువుకోవచ్చు. ఈ గందరగోళం తీర్చడానికే పై సూత్రం అవతరించింది.

ఇక టీక. 'కూర్చొని' అంటే పంటు దిగి పరుగెత్తుకొచ్చి కాదు, రాజోలు బస్సులో నిలబడీ కాదు. అయిదు నిమిషాలు ఊరకే కూర్చున్నాక అని అధ్యాహారం చేసుకోవాలి. కాఫీ తాగినవారూ చుట్ట కాల్చినవారూ ఇంకో అరగంట ఆగాలి.

'మూడు వేళ్లతో': చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో. బొటనవేలు ఏం పాపం చేసింది? దానికి సొంత నాడి ఉంది. దానితో పడితే పక్కవాడి చెయ్యి పట్టుకుని తన గుండెనే లెక్కపెట్టుకునే ప్రమాదం ఉంది.

'నాడి పట్టి': మణికట్టు మీద, బొటనవేలి మొదట్లో. పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు ఈ చోటునే జీవానికి సాక్షి అన్నాడు. వాతం ముదిరితే నాడి జలగలా, పాములా నడుస్తుందట. పిత్తానికి కాకి, కప్ప. కఫానికి హంస, పావురం. హంస సంగతేమో గాని, మిగతావాటి నడక కోనసీమ రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఊడ్పుల చేలో జలగ కాలికి పాకిన తీరూ, గట్టు మీంచి కప్ప గెంతిన తీరూ ఏటా చూసేవే.

ఆక్షేపం: ఇందులో నడక ఉంది గాని అంకె ఏదీ? సమాధానం: సెకన్ల ముల్లు లేని కాలమది. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లాయర్ నాడి లెక్కకోసమే ఒక్క నిమిషం నడిచే గడియారం గురించి పుస్తకం అచ్చువేశాకే వైద్యంలో అంకెకు పట్టు దొరికింది. అంతమాత్రాన నడక పాతబడలేదు. ఊపిరి తీసుకున్నప్పుడు నాడి కొంచెం వేగమై, వదిలినప్పుడు నెమ్మదించడం సహజం, కుర్రాళ్లలో మరీను. ఏ వరసా లేకుండా కప్పగంతులు వేస్తుంటే మాత్రం ఈసీజీ తీయించాలి. గుండె పై గదులు అదుపు తప్పి వణికే జబ్బు అలా బయటపడొచ్చు. ఇప్పటి స్మార్ట్ చేతి గడియారాల్లోని పచ్చ దీపం కూడా రక్తం పొంగినప్పుడల్లా వెలుగు ఎంత ఇంకిందో చూసి లెక్క కడుతుంది. చెయ్యి ఊపుతుంటే తడబడుతుంది.

'అర నిమిషం': పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేసేవారూ ఉన్నారు. అక్కడ ఒక్కటి తప్పితే నాలుగు తప్పుతాయి, ఇక్కడ రెండే. వరస తప్పిన నాడికి నిండు నిమిషం తప్పదు.

'రెట్టింపు చేయునది': చేశాక ఏమనుకోవాలి? మూలం మౌనం వహించింది, కాబట్టి వ్యాఖ్యాతకు పని దొరికింది. పెద్దలకు విశ్రాంతిలో 60 నుంచి 100 మామూలు. ఇక్కడ శాస్త్రంలోని పాత ఉదాహరణ ఒకటి అక్కరకొస్తుంది. 'సైంధవం తే' అంటే విస్తరి ముందు ఉప్పు, ప్రయాణం ముందు గుర్రం. అంకె కూడా అంతే. కనుమనాడు ప్రభల తీర్థానికి గంగలకుర్రు ప్రభను భుజాన మోస్తూ, పీకల్లోతు కౌశిక కాలువ దాటి జగ్గన్నతోటకు చేరిన కుర్రాడికి 150 ఉంటే అది ఉత్సవం. వీధరుగు మీద తీరిగ్గా కూర్చున్న పెద్దాయనకు అదే 150 వస్తే, అందులోనూ ఆయాసమో గుండెనొప్పో కళ్లు తిరగడమో ఉంటే, 108కి ఫోను చెయ్యాలి. అలాగే రోజూ చెట్లెక్కే కొబ్బరి దింపు మనిషికి 54 ఉండటం బలం కావచ్చు. బీపీ మాత్రల్లో కొన్ని రకాలు మింగేవారికి అదే 54 మందు పనితనం కావచ్చు.

పాఠాంతరం: గుండె వేగానికి గరిష్ఠ హద్దు 220లోంచి వయసు తీసేస్తే వస్తుందని 1970ల నాటి పాఠం. వయసును 0.7తో హెచ్చవేసి 208లోంచి తీసెయ్యాలని 2001 నాటి పాఠం. నలభై ఏళ్లవాడికి రెండూ 180 దగ్గర రాజీపడతాయి. అరవైకి మొదటిది 160, రెండోది 166. రెండూ సగటులే, ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. రెండిటికీ ప్రామాణ్యం అంతంతే.

'గుండె చెరువైంది', 'గుండె గుభేలుమంది' వంటివి ఈ సూత్రం పరిధిలోకి రావు. కాలువలూ చెరువులూ ఇంత ఉన్న సీమలో ఈ సంగతి విడిగా చెప్పాల్సి వచ్చింది.

తాత్పర్యం: ఉదయం లేచి, మంచం దిగకముందు, వారం రోజులు చూడాలి. గోడ మీది కేలండర్లో పాల లెక్క, దింపు తేదీ ఎలాగూ రాస్తారు గనక, ఆ గడిలోనే మూలగా 68 అనో 74 అనో వేసుకోవాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చింపి పట్టుకెళ్లొచ్చు, పాలవాడి లెక్క తేలాక.