కాపలా కణం ఆత్మకథ

నన్ను కళ్లతో చూసినవాళ్లు అరుదు గానీ, లెక్కపెట్టించుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఒకరి పేరు ఒకరు అడగకముందే "నీ సీడీ4 ఎంత?" అని అడుగుతారు. ఆ అంకెలో నేనూ ఒకదాన్ని. తెల్లరక్తకణాల్లో టీ కణాల జాతి మాది, అందులో సహాయక కణాల శాఖ. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఘనపు మిల్లీమీటరుకు 500 నుంచి 1,500 దాకా ఉంటాం.

ఎముక మజ్జలో పుట్టాను. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో పెరిగాను. అక్కడ చేరినవాటిలో నూటికి 95కు పైగా బయటి రక్తాన్ని చూడకుండానే చనిపోతాయి. సొంత ఒంటి మీదే తిరగబడేవాటినీ, దేన్నీ గుర్తుపట్టలేనివాటినీ ఒళ్లు ఉండనివ్వదు. బతికి బయటపడ్డ మేం ఒక్కొక్కరం ఒక్కో ఆనవాలును మాత్రమే గుర్తుపట్టగలం. నాకు దక్కిన ఆనవాలు క్షయ క్రిమిలోని ఒక చిన్న ముక్క.

మా యజమానిది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. చిన్నతనంలో తాత పక్కలో పడుకునేవాడు. తాతకు తగ్గని దగ్గు. ఆ దగ్గులోంచి వచ్చిన క్రిములు పసివాడి ఊపిరితిత్తుల్లో దిగాయి. వాటి ముక్కను పట్టుకుని ఒక డెండ్రైటిక్ కణం దగ్గర్లోని లింఫ్ గ్రంథికి వచ్చి నాకు చూపించింది. నా పైపొర మీద ఉండే సీడీ4 అణువుతో ఆ కణాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆనవాలు సరిపోయింది. కొద్దిరోజుల్లోనే ఒక్కదాన్ని వేలకు వేలుగా చీలి ఊపిరితిత్తులకు పరుగెత్తాం. అక్కడ మాక్రోఫేజ్‌లు క్రిముల్ని మింగేశాయి గానీ చంపలేక అవస్థ పడుతున్నాయి. మేం ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదిలాం. దాంతో వాటికి బలం వచ్చింది. క్రిముల చుట్టూ కణాలన్నీ చేరి గోడ కట్టాయి. ఆ పిల్లవాడికి ఇదంతా తెలియనే తెలియదు. వాడు గోళీలాడుకుంటూ పెరిగాడు.

పని అయ్యాక మాలో చాలామంది చనిపోయారు. కొందరం జ్ఞాపక కణాలుగా మిగిలాం. ఇకమీద 'నేను' అన్నప్పుడల్లా నా ఒక్కదాన్నే కాక, నాలోంచి చీలుతూ వచ్చిన నా వంశాన్నంతా తలుచుకోండి. ఆ గోడ కూలకుండా ఇరవై ఏళ్లకు పైగా చూసుకున్నాం. క్షయ క్రిమి ఒంట్లో ఉన్న వందమందిలో 90 మందికి జబ్బు జీవితాంతం బయటపడదు. అది మా కష్టమే. నా బతుకులో గర్వంగా చెప్పుకోగలిగిన పని అదొక్కటే.

పిల్లవాడు పెద్దవాడై లారీ డ్రైవరయ్యాడు. చెన్నై నుంచి కోల్‌కతా దాకా హైవే మీద నెలల తరబడి తిరిగేవాడు. అవి 1990ల చివరి రోజులు. హెచ్‌ఐవీ మన దేశంలో ఉందని చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి 1986లోనే కనిపెట్టారు. పదేళ్లు దాటినా మా యజమానికి దాని గురించి ఒక్క మంచి మాట చెప్పినవాళ్లు లేరు. కండోమ్ వాడమని చెప్పినవాళ్లు లేరు. గోడల మీద రాసిన రాతలు భయపెట్టాయే తప్ప ఏం చేయాలో చెప్పలేదు. అందుకని ఆయన మీద నాకు కోపం లేదు.

ఆ వైరస్ ఒంట్లోకి వచ్చి నేరుగా మా దగ్గరికే వచ్చింది. క్షయ క్రిమిని గుర్తుపట్టడానికి నేను వాడుకున్న సీడీ4 అణువునే అది తలుపుగా చేసుకుంది. పక్కనే ఉండే సీసీఆర్5 అనే మరో అణువును పట్టుకుని లోపలికి జారింది. మొదటి తలుపు సంగతి శాస్త్రవేత్తలకు 1984లో తెలిసింది, రెండోది తెలియడానికి 1996 దాకా పట్టింది. లోపలికి వచ్చాక దాని ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని, మా క్రోమోజోముల మధ్యలో అతుక్కుంటుంది. సుమారు 9,700 అక్షరాల రాత, అంతే. ఆ తర్వాత మా వనరులతోనే తన ప్రతులు తయారు చేయిస్తుంది.

తొలి దెబ్బ పేగుల్లో పడింది. మా జ్ఞాపక కణాల్లో చాలా భాగం పేగు గోడల్లోనే ఉంటాయి. మొదటి కొద్ది వారాల్లోనే వాటిలో అత్యధిక భాగం నాశనమయ్యాయి. పైకి కనిపించింది మాత్రం జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు మాత్రలిచ్చాడు. తగ్గిపోయింది. మళ్లీ లారీ ఎక్కాడు.

ఆ తగ్గడం వెనక మా అన్నదమ్ములు సీడీ8 కణాల పోరాటం ఉంది. వైరస్ సోకిన కణం తన పైపొర మీద ఆ వైరస్ ముక్కను పెట్టి చూపిస్తుంది. సీడీ8 కణాలు దాన్ని చూసి ఆ కణాన్ని చంపేస్తాయి. చచ్చింది మావాళ్లే అయినా అది న్యాయమైన చావు. రక్తంలో మిల్లీలీటరుకు లక్షల్లో ఉన్న వైరస్ వేలల్లోకి దిగింది. కానీ ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడుతున్నాయి. తనను తాను నకలు రాసుకోవడంలో అది తప్పులు చేస్తూనే ఉంటుంది, ఆ తప్పులే దానికి కొత్త మొహాలవుతాయి. సీడీ8లు ఒక మొహం నేర్చుకునేలోగా అది ఇంకోటి తొడుక్కుంటుంది. నెఫ్ అనే దాని ప్రొటీను, సోకిన కణం ఆనవాళ్లను బయట పెట్టకుండా లోపలికి లాగేస్తుంది. ఏళ్లకేళ్లు కొట్లాడి సీడీ8లు అలిసిపోయాయి. వాటికి ఊపిరిపోయాల్సినవాళ్లం మేం. హెచ్‌ఐవీని గుర్తుపట్టే సహాయక కణాల మీదే హెచ్‌ఐవీ ముందు పడుతుంది. సాయం అడిగినప్పుడు మావైపు నుంచి జవాబిచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

మా చావు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ వైరస్ మమ్మల్ని చీల్చుకుని బయటికొచ్చి చంపుతుందనే అనుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ వాళ్లు టాన్సిల్ కణజాలంలో పరిశీలించి 2014లో వేరే సంగతి బయటపెట్టారు. విశ్రాంతిలో ఉన్న మాలోకి వైరస్ దూరినప్పుడు దాని రాత సగంలో ఆగిపోతుంది. ఆ తెగిన డీఎన్‌ఏ ముక్కల్ని మా లోపలి కాపలా పసిగట్టి, కణాన్ని మంటపెట్టి పేల్చేస్తుంది. చనిపోయే మావాళ్లలో నూటికి 95 మంది వెళ్లేది ఈ దారినే. ఆ మంట చూసి సాయానికి కొత్త సీడీ4లు పరుగెత్తుకొస్తాయి, వాటికీ అదే గతి పడుతుంది. ఒంటిని కాపాడాలని చేసిన ఏర్పాటే మా వంశాన్ని తుడిచిపెట్టింది.

నా వాళ్ల మీద దెబ్బ ఇంకా ఎక్కువ. సైటోమెగాలో వైరస్‌ను గుర్తుపట్టే సహాయక కణాలు ఎంఐపీ-1 బీటా అనే రసాయనాన్ని ధారాళంగా వదులుతాయి. అది సీసీఆర్5 తలుపును మూసేస్తుంది. క్షయను గుర్తుపట్టే మాకు ఆ రక్షణ తక్కువ. మాలాంటివాళ్లమే ముందు సోకి ముందు పోతామని టాంజానియాలో చేసిన పరిశోధన 2010లో తేల్చింది. అప్పటికే మా యజమాని ఊపిరితిత్తుల్లో గోడ కూలి అయిదేళ్లు దాటింది.

మొదట సాయంత్రం జ్వరం వచ్చేది. తర్వాత రాత్రుళ్లు చెమటలు, దగ్గు, నడుము మీద లుంగీ నిలవనంతగా చిక్కిపోవడం. ఆయన ఆస్పత్రికి వెళ్లడానికి భయపడ్డాడు. రోగం కన్నా ఊరివాళ్ల నోరు భయపెట్టింది. చివరికి తెమడ పరీక్షలో క్షయ తేలింది. రక్తం పరీక్షలో హెచ్‌ఐవీ తేలింది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఆయన గ్లాసు, కంచం వేరయ్యాయి. కలిసి తింటే ఈ వైరస్ రాదు, ముట్టుకుంటే రాదు. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పడానికి నాకు నోరు లేదు. తెలిసినవాళ్లయినా చెప్పి ఉండాల్సింది.

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందుల్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట అవి అందిన, ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో ఇంకా వేరే జబ్బేదీ కనిపించనివాళ్లకు మందు మొదలవ్వాలంటే సీడీ4 అంకె 200 కిందికి దిగాలి. అంటే మాలో చాలామంది పోయేదాకా ఆగాలి. ఇది నాకు ఉన్న పెద్ద ఫిర్యాదు. మాత్రలు చాలవు కాబట్టి ముందు ప్రాణం మీదికొచ్చినవాళ్లకు ఇద్దామన్నారు, అర్థం చేసుకుంటాను. అయినా ఆ లైన్లో తమ వంతు రాకముందే పోయినవాళ్లు ఉన్నారు. అంకెతో పని లేకుండా పరీక్షలో తేలిన వెంటనే అందరికీ మందు ఇవ్వాలనే నియమం మన దేశంలో 2017లో వచ్చింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లపై వివక్ష చూపకూడదన్న చట్టాన్ని కూడా పార్లమెంటు అదే ఏడాది చేసింది.

మా యజమాని ముందు క్షయ మందు మొదలుపెట్టి, తర్వాత ఏఆర్‌టీ అందుకున్నాడు. క్షయ ఉన్నవాళ్లకు అప్పట్లో ఎఫావిరెంజ్ అనే మందు ఇచ్చేవాళ్లు. దానితో ఆయనకు రాత్రుళ్లు పీడకలలు వచ్చేవి. దగ్గు పోయింది, ఒళ్లు పట్టింది, మళ్లీ లారీ ఎక్కాడు. ఒళ్లు బాగానే ఉందిగా అని మాత్రలు ఆపేశాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాలోకి వైరస్ వచ్చిన సమయంలో నేను పని ముగించి విశ్రాంతిలోకి జారుతున్నాను. అది నా క్రోమోజోములో అతుక్కుని, నాతోపాటే నిద్రపోయింది. ప్రతులు తయారు చేయదు, ఆనవాలు చూపించదు. సీడీ8లు నా పక్కనుంచి వెళ్లినా నన్ను పట్టుకోలేవు. మందులు కొత్త కణాలకు సోకకుండా ఆపుతాయి, నాలో రాసి ఉన్నదాన్ని చెరపలేవు. ఇలాంటి కణాలున్నాయని 1997లో తేల్చారు. ఈ నిల్వ సగానికి తగ్గడానికే 44 నెలలు పడుతుంది, మందులతో మాత్రమే తుడిచిపెట్టాలంటే 60 ఏళ్లకు పైగా పట్టవచ్చని అంచనా. పైగా నేను రెండుగా చీలితే నాలోని రాతా రెండవుతుంది. ప్రయోగశాల యంత్రం నన్నూ మంచి కణాలతో కలిపే లెక్కపెడుతుంది. రిపోర్టులో అంకె పెరిగిందని మా యజమాని సంబరపడ్డప్పుడు ఆ అంకెలో నేనూ ఉన్నాను.

ఆయన మాత్రలు ఆపిన కొద్ది వారాలకే నాలాంటి కొన్ని కణాలు మేల్కొన్నాయి. వైరస్ మళ్లీ రక్తంలోకి వచ్చింది. ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, ఆయన రాకపోతే మళ్లీ చేసి, చివరికి వచ్చాక తిట్టలేదు. "అన్నా, ఒంట్లో బాగుందంటే అది మాత్ర చేసిన పని. ఆపొద్దన్నా" అంది. ఆయన పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. వదినను కూడా ఒకసారి తీసుకురమ్మంది. పరీక్షలో ఆవిడకు హెచ్‌ఐవీ లేదు.

ఇప్పుడు ఆయన వేసుకునేది రోజుకొక్క మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. హైదరాబాదు కంపెనీలు తయారుచేసే ఈ మందులు ఆఫ్రికా దేశాలకూ వెళ్తాయి. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదు. అలా కనిపించకుండా ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఊపిరితిత్తుల్లో మావాళ్లు మళ్లీ కాపలా కాస్తున్నారు, మునుపటంత మంది కాకపోయినా.

నన్ను పూర్తిగా వదిలించుకున్నవాళ్లు ప్రపంచంలో చాలా కొద్దిమందే. వాళ్లలో మొదటివాడు తిమోతీ రే బ్రౌన్. రక్త క్యాన్సర్‌కు చికిత్సగా 2007లో బెర్లిన్‌లో సీసీఆర్5 లేని దాత నుంచి మూలకణాలు ఎక్కించుకున్నాడు. అది ప్రాణాల మీదికి తెచ్చే చికిత్స, అందరికీ చేయగలిగింది కాదు. ఇంతకన్నా సులువైన దారి దొరికేదాకా నేను నిద్రలో ఉండటమే మా యజమానికి క్షేమం. అది ఆయన రాత్రి వేసుకునే మాత్ర మీద ఆధారపడి ఉంది.

చదివేవాళ్లకు నా మనవి ఒకటే. మీ ఇంట్లో ఎవరికైనా క్షయ తేలితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ పరీక్షా కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు, ఫలితం గోప్యంగా ఉంచుతారు. మాత్ర మొదలుపెట్టినవాళ్లు ఒళ్లు ఎంత బాగున్నా ఆపకండి. సందేహముంటే 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.