ఆర్‌సీలో రెండో పేరు

నా ఆర్‌సీ కార్డు మీద దాదాపు ఆరేళ్లు రెండు పేర్లున్నాయి. పైన మా రైతు పేరు. కింద హైపోతికేషన్ అన్నచోట ఫైనాన్సు కంపెనీ పేరు. నా స్టీరింగు పట్టింది పై పేరు మనిషి. కిస్తీలు తప్పితే నన్ను తోలుకుపోయే హక్కు కింది పేరుది. ఆ కింది పేరు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చెబుతాను.

నేను 2017లో జహీరాబాద్‌లో పుట్టిన మహీంద్రా ట్రాక్టరును. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారైన ఊరది. ఇప్పటికి అక్కడ పుట్టిన ట్రాక్టర్లు మూడు లక్షలు దాటాయి. ఆ ఏడు జూన్‌లో షోరూం నుంచి తెస్తూ రుద్రారం గణేశ్‌గడ్డ గుడి దగ్గర ఆపి, నా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అక్కడి నుంచి ఇస్నాపూర్ మీదుగా మా రైతు ఊరు చిట్కుల్.

మా రైతుకు మూడెకరాలు. జీతం చిట్టీ లేదు, ఇన్‌కంటాక్సు కాయితం లేదు. ఒక బ్యాంకుకు మూడు తాపలు పోయొచ్చాడట. జామీను కావాలన్నారు, భూమి కుదువ పెట్టమన్నారు, మళ్లీ రమ్మన్నారు. షోరూంలో మాత్రం నా పక్కనే ఒక బల్ల, బల్ల వెనక మహీంద్రా ఫైనాన్సు పిల్లవాడు. మా రైతుకు అప్పు ఎట్లా పుట్టిందో ఆ బల్ల దగ్గరే నాకు అర్థమైంది. బ్యాంకు మనిషిని చూసి అప్పిస్తుంది. నన్ను చేసిన ఇంటివాళ్లకు నేను తెలుసు. గంటకు ఎంత డీజిల్ తాగుతానో, మూడేళ్ల తర్వాత నన్ను అమ్మితే ఎంత వస్తుందో తెలుసు. మనిషి కాయితాల్లో తక్కువైన నమ్మకాన్ని నా ఇనుములో వెతుక్కున్నారు.

ఆ పిల్లవాడు చిట్కుల్ కూడా వచ్చాడు. పట్టాదారు పాస్ పుస్తకం చూశాడు. ఊళ్లో ఎన్ని ట్రాక్టర్లున్నాయి, దున్నకానికి గంటకు ఎంత తీసుకుంటారు, ఎవరెవరి చేన్లు మాట్లాడుకున్నావు అని ఒక్కొక్కటే అడిగాడు. చాయ్ హోటల్లో మా రైతు సంగతి విచారించాడు. రాసిపెట్టని ఆదాయాన్ని ఇట్లా అడిగి రాసుకోవడమే ఆ పనిలో అసలు నైపుణ్యం.

బండి చేసినవాళ్లే అప్పివ్వడం కొత్త పద్ధతేమీ కాదు. బ్యాంకులు కారు కొనేవాడికి అప్పివ్వడానికి వెనకాడిన రోజుల్లో, 1919లోనే, అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్ల కోసం సొంత అప్పుల కంపెనీ పెట్టుకుంది. మహీంద్రా వాళ్లది 1991లో మొదలైంది, తమ బండ్లు కొనేవాళ్లకు అప్పులివ్వడానికి. తర్వాత పల్లెలే దాని ప్రధాన బజారయ్యాయి.

అప్పు నాలుగు లక్షలు. మిగతాది మార్జిన్. మా రైతు ఇల్లాలు, మా అమ్మగారి చెవుల కమ్మలు, రెండు బర్రెలు అందులోకే పోయాయి. ఆరు నెలలకు ఒక కిస్తీ, 56 వేలు, మొత్తం పది. వానాకాలం పంట చేతికొచ్చాక ఒకటి, యాసంగి అయినంక ఒకటి. రైతుకు నెలనెలా డబ్బు రాదని తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. దానికి నేను దండం పెడతాను.

కానీ చిట్కుల్ పంటల లెక్కకు ఒదిగే ఊరు కాదు. ఒక పక్క నక్కవాగు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు దశాబ్దాలపాటు అందులో కలిశాయి. ఆ గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంకో పక్క పాశమైలారం పారిశ్రామికవాడ. నేను దున్నిన చేన్లలో కొన్నింటికి మరుసటి ఏడే ప్లాట్ల రాళ్లు పాతారు. దుక్కి ఏడాదికి రెండు నెలలుంటే ఎక్కువ. మిగతా పది నెలలు ఇటుక, మొరం, కంకర, వేసవిలో నీళ్ల ట్యాంకరు. అప్పు పంట లెక్కన రాసుకున్నారు, సంపాదన ఫ్యాక్టరీల లెక్కన వచ్చింది. మేస్త్రీ శనివారం ఇస్తానంటాడు, నెలకు ఇస్తాడు.

ఆ రెండు లెక్కలనూ కలిపింది మా అమ్మగారు. 56 వేలను ఆరు నెలలకు పంచి, రోజుకు 310 రూపాయలు అని తేల్చింది. బియ్యం గంప వెనక ఒక పాలడబ్బా. సాయంత్రం నా ఇంజిన్ ఆగిందో లేదో చెయ్యి చాపేది.

"ఇయ్యాల కిరాయి దొరకలే," అనేవాడాయన.

"బండికి దొరకలే. కిస్తీకి దొరకాలె గద," అని కూలి డబ్బుల్లోంచి తనే వేసేది.

2018లో రైతుబంధు వచ్చింది. ఎకరాకు నాలుగు వేలు, మూడెకరాలకు పన్నెండు వేలు. ఆ చెక్కు డబ్బులు నేరుగా డబ్బాలోకే.

ఒక రాత్రి కొడుకు నా బానెట్ మీద కాయితాలు పరిచి ఫోన్లో లెక్క వేశాడు. "నాయినా, ఎనిమిది శాతం మిత్తి అంటున్నవ్. మొత్తం నాలుగు లక్షల మీద అయిదేండ్లూ ఎనిమిదే. కానీ కిస్తీ కిస్తీకి అసలు తగ్గుతది గద. తగ్గేదాని మీద చూస్తే పదమూడు దాటుతది." కాయితంలో రెండు లెక్కలూ రాసే ఉన్నాయి. మా రైతు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బ్యాంకోళ్లు ఇయ్యలే బిడ్డా," అన్నాడు. అప్పు తీసుకునే ప్రతి ఇంట్లో ఆ లెక్క చేసే పిల్లో పిల్లవాడో ఉండాలని నా కోరిక, సంతకానికి ముందు.

2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. ఇటుక బట్టీల కూలీలు ఒడిశాకు నడిచారు. రిజర్వు బ్యాంకు ఆగస్టు చివరిదాకా కిస్తీలు ఆపుకోవచ్చంది, మావాళ్లూ ఆపుకున్నారు. మిత్తి మాత్రం ఆగలేదు. కొట్టంలో నేను కదలకుండా నిలబడి ఉంటే, ఆ కింది పేరు రోజురోజుకూ బరువెక్కుతున్నట్టుండేది.

పక్క వాడలో ఇంకో ట్రాక్టరుండేది. దాని అప్పు ఏదో వేరే ఫైనాన్సుది. ఒక తెల్లవారుజామున నలుగురు వచ్చి తాళం అడగకుండానే స్టార్ట్ చేసుకుని పోయారు. ఆ ఇంటి ముసలాయన రోడ్డుదాకా వెంట పరుగెత్తాడు. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు.

2022 సెప్టెంబరులో, మాకు ఇంకా ఒక్క కిస్తీ ఉందనగా, జార్ఖండ్‌లోని హజారీబాగ్ వార్త వచ్చింది. అప్పు వసూలుకు వచ్చినవాళ్లు తోలుకుపోతున్న ట్రాక్టరు కింద పడి, అప్పు తీసుకున్న రైతు కూతురు చనిపోయింది. ఆమె గర్భవతి. ఆ అప్పు మహీంద్రా ఫైనాన్సుది. బయటి ఏజెంట్లతో వసూళ్లు, బండ్ల స్వాధీనం ఆపమని సెప్టెంబరు 22న రిజర్వు బ్యాంకు ఆ కంపెనీని ఆదేశించింది. 2023 జనవరిలో ఆ ఆంక్ష ఎత్తేసింది. నేను ట్రాక్టరును. నా చక్రాలు ఎంత బరువో నాకు తెలుసు. అప్పు కోసం చేనులోంచి బండిని తోలుకుపోతున్నప్పుడు, దాని ముందు నిలబడేది ఆ ఇంటి మనిషే అయి ఉంటుంది. తోలేవాడికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆ పని ఎవరి చేతికి అప్పగిస్తున్నామన్నది అప్పిచ్చినవాడే చూసుకోవాలి, ఇంకొకరి మీదికి నెట్టకూడదు. నాకు అప్పిచ్చి ఈ ఇంటికి తెచ్చినవాళ్లే కాబట్టి ఈ మాట ఇంకా గట్టిగా అంటున్నాను.

ఆ సంక్రాంతి దాటాక మావాళ్లు చివరి కిస్తీ కట్టారు. అప్పు తీరిందన్న ఎన్‌ఓసీ వచ్చింది, కింది పేరు తీయించే ఫారం 35 మీద సంతకాలు పడ్డాయి, సంగారెడ్డి ఆర్టీఓ ఆఫీసుకు రెండుసార్లు తిరిగారు. ఉగాది ముందు కొత్త కార్డు చేతికొచ్చింది.

మా అమ్మగారు నా బానెట్‌కు పసుపు రాస్తూ కొడుకును అడిగింది.

"కింద ఏం రాసిండ్రు?"

"ఏం లేదమ్మా."

"మల్ల సూడు."

మళ్లీ చూశాడు. ఏమీ లేదు. ఆమె పాలడబ్బా తెచ్చి నా సీటు మీద బోర్లించింది. రెండు అయిదు రూపాయల బిళ్లలు, ఒక నలిగిన నోటు. ఆ నోటు తీసి మా రైతు చేతిలో పెట్టి, డీజిల్ పోయించుకు రమ్మంది. ఆ పొద్దు మా మూడెకరాల్లో దుక్కి ఉంది.