మాత్రలొచ్చాయి, ఓపిక పోయింది

మా రోజుల్లో అనంతసాగరంలో ఎవరికైనా మతి చెడితే ఏఎస్ పేట దర్గాకు తీసుకుపొయ్యేవాళ్లు. కొందరిని ఇంట్లోనే గొలుసేసి కట్టేవాళ్లు. అది మంచిదని నేను ఏనాడూ అనను. 2001లో తమిళనాడు ఏర్వాడిలో కొట్టాలంటుకుంటే, గొలుసులు తెంచుకోలేక 28 మంది రోగులు కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వద్దంది. మంచి పని చేసింది.

నా కోపమల్లా ఇప్పటోళ్ల తొందర మీద. స్కిజోఫ్రీనియాకు మాత్రలున్నాయి. చెవిలో మాటలు వినపడ్డం తగ్గుతుంది, అనుమానాలు తగ్గుతాయి. ఇక జబ్బు పోయిందనుకుంటారు. జబ్బున్న పిల్లోడు పెరుగు తెమ్మంటే అంగడి దాకా పోయి, ఎందుకొచ్చిందీ మరిచిపోయి తిరిగొస్తాడు. సోమరిపోతని తిడతారు. సోమరితనం కాదయ్యా, అదీ జబ్బే! ధ్యాస నిలవదు, చెప్పిన మాట మనసులో ఆగదు, ఏ పని ముందో ఏది వెనకో తేలదు. ఆ మాత్రలు దీన్ని పెద్దగా బాగుచెయ్యవు. పైగా ఆ మాత్రల వల్ల చేతులు వణక్కుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకాన్ని ఇంకా మందగించేలా చెయ్యగలదు. ఏళ్ల తరబడి అదే చీటీ చూపించి కొనుక్కొస్తారు గానీ, ఇది ఇంకా కావాలా అని డాక్టర్ని ఒక్కరూ అడగరు. సొంతంగా ఆపమనడం లేదు, అడగమంటున్నా.

జర్మనీ డాక్టరు క్రేపెలిన్ 1890లలోనే స్కిజోఫ్రీనియాను చిన్నవయసు మతిక్షయమన్నాడు. 1910లో అల్జీమర్స్ జబ్బుకు ఆ పేరు పెట్టిందీ ఆయనే. రెండూ ఒకటి కాదు. అల్జీమర్స్ వచ్చిన ముసలోళ్ల మతి ఏటికేడు దిగజారుతుంది. ఈ కుర్రోళ్లలో చాలామందికి ఒకచోట నిలబడుతుంది, నేర్పితే కొంత మెరుగవుతుంది కూడా.

మా రోజుల్లో అట్లాంటివాడికి గొడ్లు అప్పజెప్పేవాళ్లు. రోజూ అదే దోవ, అదే చెరువుకట్ట, తోడుగా ఇంకొకడు. తప్పితే మళ్లీ చెప్పేవాళ్లు. మళ్లీ తప్పితే మళ్లీ. ఇప్పుడు పట్నాల్లో ఈ కుర్రోళ్లకు డబ్బు తీసుకుని ఇచ్చే శిక్షణలోనూ చిన్న పనిని పదేపదే చేయించడం ఉంటుంది కదా!

ముసలోళ్లనైతే అసలు పట్టించుకునే దిక్కు లేదు. అవ్వ అన్నం తిన్నదీ లేనిదీ మరిచిపోతే, బెంగళూరు నుంచి కొడుకు ఫోన్లోనే ‘వయసైంది గదా’ అని తేల్చేస్తాడు. థైరాయిడ్ వల్లో, బి12 తక్కువయ్యో వచ్చిన మతిమరుపైతే మందుతో తగ్గొచ్చు. రక్తపరీక్ష చేయించిన పాపాన పోరు.

ఇవన్నీ అడగడానికి ఆత్మకూరు బస్సు కూడా ఎక్కనక్కర్లేదు. 2022 నుంచి మానసిక ఆరోగ్యం గురించి సలహా చెప్పే 14416 ప్రభుత్వ ఫోన్ నంబరుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. పొద్దస్తమానం ఫోను పట్టుకుని కూర్చునేవాళ్లకు ఆ ఒక్క కాల్ చెయ్యడానికే తీరిక లేదా?