ఏకగ్రీవ పుస్తకం

పుస్తకాల క్లబ్బు వచ్చే నెల పుస్తకాన్ని ఎంచుకునే పద్ధతికి ఏకగ్రీవం అని పేరు. గ్రీవం అంటే మెడ. పన్నెండు తలలు ఒకే మెడ మీద ఊగడం ఈ పద్ధతి ప్రధాన లక్షణం. బంజారాహిల్స్ కెఫేలో ఆదివారం సాయంత్రం కలిసే క్లబ్బుకైనా, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో టేబుల్ టెన్నిస్ బల్ల చుట్టూ కూర్చునే క్లబ్బుకైనా, డల్లాస్ నుంచి న్యూజెర్సీ దాకా జూమ్‌లో ముఖాలు చూసుకునే క్లబ్బుకైనా పద్ధతి ఒక్కటే. క్లబ్బు పెట్టుకున్నది చదవడానికని బయటివాళ్లు అనుకుంటారు. క్లబ్బు చేసే అసలు పని ఎంచుకోవడం. చదవడం అనేది ఆ పని పూర్తయ్యాక, నెలలో రోజులు మిగిలితే, ఓపిక ఉన్నవాళ్లు చేసుకునేది.

ఎంపిక ప్రతిపాదనతో మొదలవుతుంది. ఒక పుస్తకం పేరు గ్రూపులో పెట్టినవారు దాన్ని అప్పటికే చదివేసి ఉంటారని మిగతావాళ్లు ఎలాగూ అనుకుంటారు. కాబట్టి చదవడం కన్నా ప్రతిపాదించడం చవక. అందుకే ప్రతి జాబితాలోనూ బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రావిశాస్త్రి ‘అల్పజీవి’ తప్పకుండా ఉంటాయి. మూడూ గొప్ప నవలలే, వాటి తప్పేమీ లేదు. ఆ మూడు పేర్లూ వరసగా చదివితే క్లబ్బు తన సంగతే చెప్పుకుంటున్నట్టు ఉంటుంది, అది వేరే విషయం.

జాబితాలోకి ఎన్నడూ రాని పుస్తకాలే ఎక్కువ ఆసక్తికరమైనవి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ రాదు. యండమూరి ‘తులసిదళం’ రాదు. మధుబాబు షాడో అసలే రాడు. నడివయసు దాటిన సభ్యుల్లో చాలామందికి తెలుగు చదవడం అలవాటైంది ఈ పుస్తకాలతోనే. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి, లెక్కల పుస్తకం మధ్యలో దాచి, మర్నాడు తిరిగి ఇవ్వకపోతే ఇంకో రోజు అద్దె పడుతుందని రాత్రికి రాత్రి ముగించారు. అప్పుడు పోల్ పెట్టినవారు లేరు, గుర్తుచేసిన అడ్మిన్ లేడు, చర్చకు తేదీ లేదు. పుస్తకం మాత్రం పూర్తయింది. ఆ సభ్యులే ఇప్పుడు ‘మీకు బాగా నచ్చిన తెలుగు నవల?’ అని అడిగితే గొంతు సవరించుకుని బుచ్చిబాబు పేరు చెబుతారు. చదివినదాన్ని దాచి చదవనిదాన్ని చాటుకునే ఈ అలవాటుకే క్లబ్బు భాషలో అభిరుచి అని పేరు.

ప్రతిపాదన తర్వాతి దశ పరిశీలన. సాహిత్య విమర్శలో వస్తువు, శిల్పం, దృక్పథం అంటూ కొలమానాలు చాలా ఉన్నాయి. క్లబ్బుకు ఒక్కటి చాలు: ‘ఎన్ని పేజీలు?’ ఈ ప్రశ్న వేయడానికి పుస్తకం గురించి ఏమీ తెలియనక్కర్లేదు, జవాబు వినడానికి అంతకన్నా అక్కర్లేదు. రెండు వందల లోపు అయితే ‘బాగుంటుందని విన్నాను’ అంటారు. మూడు వందలు దాటితే ‘ఎండాకాలం సెలవుల్లో పెట్టుకుందాం’ అంటారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ దగ్గర ఈ పరీక్ష పరాకాష్ఠకు చేరుతుంది. దాదాపు వెయ్యి పేజీల ఆ నవలను విశ్వనాథ 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు రాసిపెట్టారని ప్రతీతి. పి.వి. నరసింహారావు రాజకీయాలు నడుపుకుంటూనే దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. క్లబ్బు మాత్రం ఆ పుస్తకాన్ని నెలలో చదవలేమని తేల్చుకోవడానికి నెల తీసుకుంటుంది. ఏటా ఒకసారి ఎవరో ఒకరు దాని పేరు ఎత్తుతారు, అందరూ గౌరవంగా తలూపుతారు, పేరు దిగిపోతుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు చదివినా చదవకపోయినా దాని పడగలు వెయ్యే.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న సామెత ఈ రంగంలో అక్షరాలా పనిచేస్తుంది. సభ్యులు పెరిగేకొద్దీ పుస్తకం సన్నబడుతుంది. ఆ లెక్కన చలం ‘మైదానం’ ఎప్పుడో ఎంపిక కావాలి. 1927 నాటి ఆ నవల ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. కానీ దానికి పేజీల పరీక్ష తర్వాత మరో పరీక్ష ఉంది, పైకి చెప్పనిది: బల్ల మీద వదిలేస్తే ఇంటికొచ్చిన అత్తగారు తిరగేస్తారా? దాదాపు వందేళ్లు నిండిన పుస్తకానికి ఇంకా అట్ట వేసి చదువుకుంటున్నారంటే అది చలానికి దక్కిన గౌరవమే. క్లబ్బు మట్టుకు ‘మనలో రకరకాల వాళ్లున్నారు కదండీ’ అని సర్దుకుంటుంది.

తర్వాత వచ్చేది ‘దొరుకుతుందా?’ అన్న ప్రశ్న. ఇది న్యాయమైనదే. తెలుగులో మంచి పుస్తకం ప్రింట్‌లో లేకపోవడం మామూలు, ఉన్నా ఊళ్లో షాపు లేకపోవడం ఇంకా మామూలు. అయితే ఈ ప్రశ్న వేసినవారు కాచిగూడ నవోదయకు వెళ్లి అడిగి రారు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకరు. వాళ్లు ఎదురుచూసే జవాబు ‘పీడీఎఫ్ ఉంది, పెడుతున్నా’. ఆ జవాబు రాగానే దండాలు, గుండె గుర్తులు వరద కడతాయి. రచయితకు ఒక్క రూపాయి చేరకుండా ఆయన రచనను ఇంతగా గౌరవించే చోటు మరొకటి కనిపించదు. రెండు వందల యాభై రూపాయల పుస్తకం ఖరీదెక్కువ అన్న తీర్మానం మూడు వందల కాఫీ తాగుతూ చేయడం కూడా ఈ దశలోనే జరుగుతుంది. పీడీఎఫ్ ఫోన్లోకి దిగితే సగం చదివినట్టే. మిగతా సగం కొత్త ఫోను కొన్నప్పుడు పాత ఫోనుతో పాటు పోతుంది.

అక్టోబరులో ఈ క్రమం తాత్కాలికంగా ఆగుతుంది. స్టాక్‌హోమ్‌లో ఒక గురువారం నోబెల్ ప్రకటన వస్తుంది, ఆ పేరును ఎలా పలకాలో తెలియకముందే ‘ఈ నెల ఆయనదే’ అన్న సందేశం వస్తుంది. 2024లో దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కు వచ్చినప్పుడు ఇబ్బంది లేకపోయింది. ‘ది వెజిటేరియన్’ సన్నటి పుస్తకం, పేరును బట్టి ఆ నెల భోజనాల మెనూ కూడా నిర్ణయించుకోవచ్చు. 2025లో హంగరీ రచయిత లాస్లో క్రాస్నహోర్కయికి రావడంతో చిక్కొచ్చింది. 1985 నాటి ఆయన నవల ‘సాటన్‌టాంగో’లో ఒక్కో అధ్యాయమంతా ఒకే పేరా. ఊపిరి పీల్చుకోవడానికి ఖాళీ లేదు, మూసి పెట్టడానికి సాకు దొరకదు. ఇలాంటప్పుడు క్లబ్బుకు ఎప్పుడూ ఒక దారి ఉంటుంది: సినిమా చూసి రావడం. ‘కన్యాశుల్కం’ చర్చకు 1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశాన్నీ సావిత్రి మధురవాణినీ తల్చుకుంటే సరిపోయింది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’కు ‘డాక్టర్ చక్రవర్తి’ ఆదుకుంది. ‘సాటన్‌టాంగో’కూ సినిమా ఉంది. బేలా తార్ 1994లో తీశాడు. దాని నిడివి ఏడు గంటల పైమాట.

పక్క రాష్ట్రపు కథలు క్లబ్బులోకి వచ్చే దారి కూడా బహుమతుల మీదుగానే. బాను ముష్తాక్ కన్నడంలో దశాబ్దాలుగా రాస్తున్నారు. కర్ణాటక హైదరాబాదుకు ఒక రాత్రి బస్సు దూరం. ఆ కథలు క్లబ్బు దాకా రావడానికి ఇంగ్లీషులోకి వెళ్లి, 2025 మేలో లండన్‌లో ఇంటర్నేషనల్ బుకర్ అందుకుని, అక్కడి నుంచి విమానంలో రావాల్సి వచ్చింది.

పరిశీలనలో మిగిలిన పుస్తకాలు ఓటింగుకు వెళతాయి. వాట్సాప్‌లో పోల్ సౌకర్యం 2022 చివర్లో వచ్చింది. ఒక్కో పోల్‌లో పన్నెండు దాకా పేర్లు పెట్టొచ్చు. పన్నెండు మంది సభ్యులకు పన్నెండు పేర్లు. ఫలితం ఏమిటో లెక్కల టీచరు అవసరం లేకుండానే తెలుస్తుంది. ఒకరు ఎన్నింటికైనా ఓటు వేయొచ్చన్న వెసులుబాటు ఉంచితే సమస్య తీరుతుందని కొన్ని క్లబ్బులు నమ్మాయి. అప్పుడు అందరూ అన్నింటికీ వేశారు.

ఈ పోల్‌లో అసలు కిటుకు వేరే ఉంది. ఎవరు దేనికి ఓటేశారో నొక్కి చూస్తే పేర్లతో సహా కనిపిస్తుంది. రహస్య ఓటు 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా వలసల్లో చట్టమైంది, 1872లో బ్రిటన్ చేరింది. పుస్తకాల క్లబ్బుకు ఇంకా రాలేదు. అందువల్ల ఇక్కడ ఓటు పుస్తకానికి పడదు, పుస్తకం పేరు పెట్టిన మనిషికి పడుతుంది. మేడమ్ గారు పెట్టిన పుస్తకానికి వేయకపోతే వచ్చే ఆదివారం వాళ్ల ఇంట్లో పులిహోర తినాలి, మొహం ఎలా చూపించాలి? రాజనీతి గ్రంథాల్లో ధనబలం, కండబలం గురించి రాశారు గానీ మొహమాటబలం గురించి రాయలేదు. తెలుగునాట ఎన్నికలు జరిగే ప్రతి చిన్న సంఘాన్నీ నడిపేది అదే.

సభ్యుల్లో ఒక రచయిత ఉంటే మొహమాటం సంపూర్ణమవుతుంది. ఐదు వందల కాపీలు సొంత ఖర్చుతో వేయించుకుని, ఆవిష్కరణ సభలో కొన్ని పంచి, మిగతావి మంచం కింద పేర్చుకున్న మనిషి అతను. అతని పుస్తకం ప్రతి సభ్యుడి ఇంట్లోనూ ‘ఆత్మీయ మిత్రులకు’ అన్న సంతకంతో ఉంది. అంటే దొరకదన్న సాకు లేదు, ఖరీదన్న సాకు లేదు, పేజీలు ఎక్కువన్న సాకూ లేదు. అతను తన పుస్తకాన్ని తనే ప్రతిపాదించడు, అది మర్యాద కాదు. ‘మిగతావాళ్లవి ముందు కానివ్వండి’ అంటాడు. ఈ మాటతో అది ఎంపికైపోతుంది. ఆ నెల చర్చకు మాత్రం అందరూ వస్తారు, అందరూ మాట్లాడతారు, ముందుమాటలో ఉన్న వాక్యాలే అందరి నోటా వస్తాయి. తెలుగు పుస్తకాలకు ముందుమాటలు మూడు నాలుగు ఎందుకుంటాయో ఆ సాయంత్రం అర్థమవుతుంది.

ఓటింగు నిజాయితీగా జరిగినా పుస్తకం తేలుతుందన్న హామీ లేదు. ఫ్రెంచి గణితజ్ఞుడు కొండోర్సే 1785లోనే ఈ ఇరకాటాన్ని చూపించాడు. ముగ్గురు సభ్యులున్నారనుకుంటే, మొదటివారి వరస కాలాతీత వ్యక్తులు, అల్పజీవి, చివరకు మిగిలేది. రెండోవారిది అల్పజీవి, చివరకు మిగిలేది, కాలాతీత వ్యక్తులు. మూడోవారిది చివరకు మిగిలేది, కాలాతీత వ్యక్తులు, అల్పజీవి. రెండేసి చొప్పున పోటీ పెడితే ‘కాలాతీత వ్యక్తులు’ రెండు ఓట్లతో ‘అల్పజీవి’ని ఓడిస్తుంది, ‘అల్పజీవి’ కూడా రెండు ఓట్లతోనే ‘చివరకు మిగిలేది’ని ఓడిస్తుంది, ‘చివరకు మిగిలేది’ తిరిగి ‘కాలాతీత వ్యక్తులు’ను ఓడిస్తుంది. గెలిచినదాన్ని ఓడించేది ఎప్పుడూ ఒకటి ఉంటుంది. 1951లో కెన్నెత్ యారో ఇంకాస్త ముందుకు వెళ్లాడు. పోటీలో మూడు లేక అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు, న్యాయమని తోచే కొన్ని సాదా షరతులన్నింటినీ ఒకేసారి నెరవేర్చే పద్ధతి ఒక్కరి మాటే చెల్లే నియంతృత్వం తప్ప మరొకటి లేదని నిరూపించాడు. 1972లో అర్థశాస్త్రపు నోబెల్ పంచుకున్నాడు. 1996లో ఓప్రా విన్‌ఫ్రే టీవీలో బుక్ క్లబ్ పెట్టి, పోలూ గీలూ లేకుండా ఏ పుస్తకమో తనే చెప్పింది. లక్షల మంది కొన్నారు. సిద్ధాంతానికి ఇంతకన్నా లాభసాటి ఉదాహరణ లేదు.

తెలుగు క్లబ్బు కొండోర్సేనూ యారోనూ ఒకేసారి దాటింది. మూడు పుస్తకాలు ఒకదాన్నొకటి ఓడించుకుని అలిసిపోయిన రాత్రి పదకొండింటికి అడ్మిన్ నాలుగో పుస్తకం పేరు పెట్టి ‘అందరికీ ఓకేనా?’ అంటాడు. ఎవరి జాబితాలోనూ లేని పుస్తకం కనుక ఎవరికీ ఓటమి లేదు. బొటనవేళ్లు లేస్తాయి. ఎవరూ కోరుకోనిదే ఎవరూ కాదనలేనిది. దీన్నే ఏకగ్రీవం అన్నారు.

ఎంపిక తర్వాతి దశలు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మొదటి వారం ‘ఆర్డర్ పెట్టాను’, రెండో వారం ‘వచ్చింది’, మూడో వారం అట్ట మీద కాఫీ కప్పు పెట్టిన ఫొటో, నాలుగో వారం ‘ఈ నెల ఆఫీసులో కాస్త బిజీ’. చర్చ రోజున ఒకే ఒక్క ప్రమాదం పొంచి ఉంటుంది: పుస్తకం మొత్తం చదివి వచ్చిన సభ్యుడు. అతను పాత్రల పేర్లు తప్పు లేకుండా చెబుతాడు, నూట నలభై రెండో పేజీ తీయమంటాడు. గదిలో పేజీల చప్పుడు వినిపించదు. ‘సర్, ముగింపు చెప్పేయకండి, కొందరం సగంలో ఉన్నాం’ అని అతన్ని మర్యాదగా ఆపుతారు. సగం అంటే ముందుమాటల్లో సగం. ఆపైన మాట అమరావతికో అమెరికా వీసాలకో మళ్లుతుంది, చివరి పది నిమిషాల్లో వచ్చే నెల పుస్తకం ప్రస్తావన వస్తుంది. అందరూ ఒక్కసారిగా హుషారవుతారు.

1918లో ఇప్పటి బాపట్ల జిల్లా వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినప్పుడు ఇలాంటి చిక్కులు లేవు. చదవదల్చుకున్నవాళ్లు బీరువా దగ్గరికి వెళ్లి కావలసింది అడిగి తీసుకునేవారు. ఒకరికి కావలసింది ఇంకొకరికి నచ్చాలన్న నియమం గ్రంథాలయోద్యమంలో ఎక్కడా కనబడదు. అలా వెళ్లి అడిగేవాళ్లు ఊళ్ల గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఉన్నారు, ఉద్యోగ పరీక్షల గైడ్ల మధ్య కూర్చుని.

డిసెంబరులో ఎంపిక ఉండదు. హైదరాబాదులో పుస్తక ప్రదర్శన జరిగే రోజులు కనుక ఆ నెల ఎవరికి నచ్చింది వాళ్లు చదువుకోవచ్చని సర్క్యులర్ లాంటి సందేశం వస్తుంది. సభ్యులు విడివిడిగా వెళ్లి, స్టాళ్లన్నీ తిరిగి, సంచులు నింపుకుని, మిరపకాయ బజ్జీలు తిని వస్తారు. ఆ రాత్రి గ్రూపులో పుస్తకాల దొంతర్ల ఫొటోలు వరసగా పడతాయి. పైన బుచ్చిబాబు, కింద రావిశాస్త్రి, మధ్యలో ఒక అనువాదం. అందరికన్నా ముందు ఒక స్టాల్ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి కొన్న షాడో ఆ దొంతరలో ఉండదు. అప్పటికే అరవై పేజీలు అయి, దిండు పక్కన బోర్లా ఉంటుంది.